విశ్రమించని చక్రం – బెరిల్ బర్టన్

మనిషికి దేహబలం పుట్టుకతో సంక్రమించవచ్చు. సంకల్పబలం మాత్రం ఎవరికి వారు ఆర్జించుకోవలసినదే. దేహబలం కొరవడినా సంకల్పబలంతో అసాధారణ కార్యాలు సాధించినవారు అన్ని దేశాల్లోను, అన్ని రంగాల్లోను కనిపిస్తారు. బాల్యంలో రెండేళ్లపాటు మంచం పట్టి, కఠినశ్రమకు దూరంగా ఉండవలసిందని వైద్యుల హెచ్చరిక పొందిన ఒక బాలిక పెరిగి పెద్దదై సైకిలు పందేల్లో ఏడుసార్లు ప్రపంచ విజేతగా నిలిచింది. పురుషులు నెలకొల్పిన జాతీయ రికార్డును సైతం అధిగమించింది. ఇరవై అయిదు సంవత్సరాలు వరుసగా తన దేశంలో అగ్రస్థానాన్ని నిలబెట్టుకొంది. ఆమే ఇంగ్లండుకు చెందిన బెరిల్ బర్టన్. ఆమె జీవితం కేవలం విజయగాథ కాదు. క్రీడాకారిణుల శ్రమకు సమాజం ఇచ్చే గుర్తింపు ఎంత, వారి ఆరోగ్యం పట్ల చూపే శ్రద్ధ ఎంత అనే ప్రశ్నలను కూడ ఆ జీవితం మన ముందుంచుతుంది.

బెరిల్ 1937 మే 12వ తేదీన ఇంగ్లండు ఉత్తర భాగంలోని యార్క్‌షైర్ ప్రాంతంలో, లీడ్స్ నగరంలో జన్మించింది. పుట్టింటి పేరు చార్నాక్. ఉన్ని బట్టల తయారీకి, కుట్టుపనికి పేరెన్నికగన్న నగరమది. ఆమె కుటుంబం సామాన్యమైన శ్రామిక కుటుంబం. బెరిల్ శైశవం రెండవ ప్రపంచయుద్ధ కాలంలో గడిచింది. యుద్ధం ముగిసిన తరువాత కూడ ఇంగ్లండులో కొన్నేళ్లపాటు ఆహారపదార్థాలు కొలత ప్రకారమే లభించేవి. అటువంటి కాలంలో పెరిగిన పిల్లలకు శ్రమ, పొదుపు చిన్ననాటనే అలవడ్డాయి.

ఆ రోజుల్లో ఇంగ్లండులో పదకొండేళ్ల ప్రాయంలో పిల్లలు ఒక పరీక్ష రాయవలసి ఉండేది. అందులో నెగ్గినవారికి ఉన్నతవిద్యకు దారితీసే గ్రామర్ పాఠశాలల్లో చోటు దొరికేది. తప్పినవారు సాధారణ పాఠశాలలో చదివి, పదిహేనేళ్లు నిండగానే పనిలో చేరడం పరిపాటి. అంత చిన్న వయస్సులో, ఒకే ఒక్క పరీక్షతో పిల్లల భవిష్యత్తును నిర్ణయించే పద్ధతి అది. బెరిల్ ఆ పరీక్షలో ఉత్తీర్ణురాలు కాలేకపోయింది. ఆ ఓటమి ఆమె లేతమనస్సును గాఢంగా గాయపరిచింది. తాను ఎవరికీ తీసిపోనని ఏదో ఒక రంగంలో నిరూపించుకోవాలన్న పట్టుదల ఆమెలో మొలకెత్తింది.

అంతలో మరొక విపత్తు వచ్చిపడింది. ఆమెకు రుమాటిక్ జ్వరం సోకింది. గొంతునొప్పితో మొదలై కీళ్లను బాధించి, చివరకు గుండెను దెబ్బతీయగల వ్యాధి ఇది. దానికి తోడు, కాళ్లూ చేతులూ అదుపు తప్పి కదిలే నరాల జబ్బు కూడ పీడించింది. కొంతకాలం ఆమెకు మాట పడిపోయింది. అవయవాలు పాక్షికంగా చచ్చుబడిపోయాయి. ఆమె తొమ్మిది నెలలు ఆసుపత్రిలోను, మరి పదిహేను నెలలు సౌత్‌పోర్ట్ అనే సముద్రతీర పట్టణంలోని ఆరోగ్యకేంద్రంలోను గడిపింది. తోటి పిల్లలు పరుగులు తీసే వయస్సులో ఆమె నడవడం, మాట్లాడడం మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది. వ్యాధి నయమైనా గుండె లయలో లోపం మిగిలిపోయింది. శరీరాన్ని అధికంగా శ్రమపెట్టరాదని వైద్యులు హెచ్చరించారు. అప్పటికి ఆమె భవిష్యత్తును గురించి ఎవరు ఊహించినా, ఒక సుకుమారమైన, నెమ్మదైన గృహజీవితాన్నే ఊహించి ఉండేవారు.

పదిహేనేళ్లకు చదువు ముగించి బెరిల్ దుస్తుల కర్మాగారంలో పనికి చేరింది. అక్కడ చార్లీ బర్టన్ అనే యువకునితో పరిచయమైంది. చార్లీకి సైకిలు యాత్రలంటే ప్రీతి. సెలవుదినాల్లో మిత్రబృందంతో కలిసి యార్క్‌షైర్ కొండదారుల్లో మైళ్లకొలది ప్రయాణించేవాడు. అతని ప్రోత్సాహంతో బెరిల్ కూడ సైకిలు ఎక్కింది. మొదటి సంవత్సరం ఎత్తుదారుల్లో వెనుకబడితే తోటివారు ఆమె వీపు మీద చేయి వేసి ముందుకు నెట్టవలసి వచ్చేది. రెండవ సంవత్సరానికి వారితో సమానంగా సాగగలిగింది. మూడవ సంవత్సరానికి బృందానికంతటికీ ముందు నడిచింది. వైద్యులు వద్దన్న శ్రమలోనే ఆమె తన శక్తిని కనుగొంది.

1955లో బెరిల్, చార్లీల వివాహం జరిగింది. మరుసటి సంవత్సరం ఆరంభంలో కుమార్తె డెనిస్ పుట్టింది. ఆనాటి సమాజంలో తల్లి అయిన స్త్రీ ఆటలకు స్వస్తి చెప్పడం సహజమని భావించేవారు. బర్టన్ దంపతులు అలా భావించలేదు. సైకిలుకు ఒక పక్కబండి తగిలించి, అందులో పసిపాపను కూర్చోబెట్టుకొని యాత్రలకు బయలుదేరేవారు. చార్లీ తన పందేలను విడిచిపెట్టి భార్య సాధనకు అండగా నిలిచాడు. సైకిలు మరమ్మతు చేయడం, పందెం జరిగే చోటికి ఆమెను చేర్చడం, దారిలో ఆహారపానీయాలు అందించడం, పాపను చూసుకోవడం అతని నిత్యకృత్యాలయ్యాయి. ఇంటిపని, పిల్లల పెంపకం స్త్రీ బాధ్యతలేనని లోకం నమ్మిన రోజుల్లో చార్లీ ప్రవర్తన విశిష్టమైనది. బెరిల్ విజయాల్లో అతని పాత్ర పరోక్షమైనదే కాని స్వల్పమైనది కాదు.

బెరిల్ ప్రతిభ వికసించిన తీరు తెలియాలంటే ఇంగ్లండులో జరిగే సైకిలు పందేల పద్ధతిని కొంత తెలుసుకోవాలి. అక్కడ టైమ్ ట్రయల్ అనే పోటీకి విశేషాదరణ ఉంది. ఇందులో పోటీదారులందరూ ఒక్కసారి బయలుదేరరు. ఒక్కొక్క నిమిషం ఎడంగా ఒకరి తరువాత ఒకరు బయలుదేరుతారు. ఒకరి చాటున మరొకరు సాగడానికి వీలులేదు. ఎదురుగాలి తాకిడిని ఎవరికి వారే భరించాలి. నిర్ణీత దూరాన్ని తక్కువ కాలంలో పూర్తిచేసినవారే విజేతలు. 10, 25, 50, 100 మైళ్ల దూరాలకు ఈ పోటీలు జరుగుతాయి. దూరం బదులు కాలాన్ని నిర్ణయించి, పన్నెండు గంటల్లోనో, ఇరవైనాలుగు గంటల్లోనో ఎవరు ఎక్కువ దూరం సాగితే వారిని విజేతగా ప్రకటించే పద్ధతి కూడ ఉంది. ఇక్కడ ప్రత్యర్థి ఎదుట కనిపించడు. గడియారమే ప్రత్యర్థి. బాల్యంలో నెలల తరబడి ఒంటరితనాన్ని సహించిన బెరిల్‌కు ఈ ఏకాంతపు పోరాటం ఎంతగానో నచ్చింది.

మోర్లీ పట్టణపు సైకిలు సంఘం తరఫున ఆమె పోటీల్లో పాల్గొనసాగింది. 1957లో 100 మైళ్ల జాతీయ పోటీలో రెండవ స్థానం పొందింది. 1958లో 25 మైళ్ల పోటీలో తొలి జాతీయ విజయం సాధించింది. 25, 50, 100 మైళ్ల పోటీల్లో చూపిన సగటు వేగాలను కలిపి లెక్కించి, ఏడాదికొకసారి దేశంలోకెల్లా ఉత్తమ క్రీడాకారిణిని ఎంపిక చేసేవారు. 1959లో ఆ గౌరవం బెరిల్‌కు దక్కింది. అది మొదలు 1983 వరకు, ఇరవై అయిదేళ్లపాటు, ఏ ఒక్క సంవత్సరమూ ఆ స్థానం మరొకరికి దక్కలేదు. ఈ కాలంలో కొత్త తరాల క్రీడాకారిణులు వచ్చారు, వెళ్లారు. బెరిల్ స్థానం మాత్రం చెక్కుచెదరలేదు. మొత్తం మీద ఆమె గెలిచిన జాతీయ పోటీలు 90కి పైగా ఉన్నాయి.

స్త్రీలకు ప్రపంచస్థాయి సైకిలు పోటీలు 1958లో గాని మొదలుకాలేదు. పురుషులకు అటువంటి పోటీలు పందొమ్మిదో శతాబ్ది చివరినుండే జరుగుతుండేవి. మరుసటి సంవత్సరమే, 1959లో, బెల్జియం దేశంలోని లీజ్ నగరంలో జరిగిన ప్రపంచ పోటీల్లో బెరిల్ 3000 మీటర్ల పర్‌స్యూట్ పందెంలో విజేత అయింది. వృత్తాకారపు పందెపు బాటలో ఇద్దరు పోటీదారులు ఎదురెదురు వైపులనుండి ఒకేసారి బయలుదేరి ఒకరినొకరు తరుముకొనే పోటీ ఇది. 1960లో తూర్పు జర్మనీలో జరిగిన పోటీల్లో ఆమె పర్‌స్యూట్‌తో పాటు రహదారి పందెంలో కూడ ప్రపంచ విజేతగా నిలిచింది. 1962, 1963, 1966 సంవత్సరాల్లో మళ్లీ పర్‌స్యూట్‌లో, 1967లో మళ్లీ రహదారి పందెంలో స్వర్ణపతకాలు గెలుచుకొంది. బెల్జియంకు చెందిన ఇవాన్ రేండర్స్ ఆమెకు దీటైన ప్రత్యర్థి. 1961లో రెండు పందేల్లోను రేండర్స్‌దే పైచేయి అయింది. రెండింటిలోను బెరిల్ రెండవ స్థానంతో తృప్తిపడవలసి వచ్చింది. ఓటమి ఆమెను నిరుత్సాహపరచలేదు. మరుసటి సంవత్సరమే ఆమె తిరిగి విజేత అయింది.

ఈ విజయాల వెనుక ఉన్న జీవనస్థితి గమనింపదగినది. సోవియట్ రష్యా, తూర్పు జర్మనీ వంటి దేశాల్లో క్రీడాకారులను ప్రభుత్వమే పోషించేది. బెరిల్‌కు అటువంటి ఆదరువు ఏదీ లేదు. ప్రసిద్ధ సైకిలు కంపెనీ అయిన రాలీ వారు ఆమెను తమ వృత్తి క్రీడాకారిణిగా చేరవలసిందని కోరారు. ఆమె అంగీకరించలేదు. ఇష్టంతో ఆడే ఆటను జీవనోపాధిగా మార్చుకోవడానికి ఆమె మనస్సు ఒప్పుకోలేదు. జీవనం కోసం మోర్లీ సమీపంలో నిమ్ కార్లైన్ అనే వ్యక్తి పొలంలో కూలిపనికి చేరింది. కార్లైన్ కూడ సుదీర్ఘమైన సైకిలు పందేల్లో ఆరితేరినవాడే. ఆ పొలంలో రూబార్బ్ అనే పుల్లని కాడల పంట పండించేవారు. రూబార్బ్ దుంపలు ఎంతో బరువైనవి. చలికాలంలో వాటిని నేలనుండి పెకలించి, చీకటి కొట్టాలకు మోసుకుపోయి నాటాలి. గడ్డకట్టే చలిలో, బురదలో రోజంతా ఈ పని చేసి, సాయంకాలం ఆమె సైకిలు సాధనకు బయలుదేరేది. ఆ పనివల్లనే తన నడుముకు, కాళ్లకు బలం చేకూరిందని ఆమె నమ్మింది. ప్రపంచ విజేతకు ప్రత్యేక శిక్షకుడు లేడు, వైద్యబృందం లేదు. పొలమే వ్యాయామశాల, భర్తే సహాయకుడు.

1963లో ఆమె 25 మైళ్ల దూరాన్ని గంటలోపు పూర్తిచేసిన మొదటి మహిళగా చరిత్రకెక్కింది. స్త్రీల సామర్థ్యానికి అది దాటరాని హద్దు అని అనేకులు భావిస్తున్న రోజులవి. ఆ తరువాత 50 మైళ్లను రెండు గంటల్లోపు, 100 మైళ్లను నాలుగు గంటల్లోపు పూర్తిచేసింది. 1968లో 100 మైళ్లకు ఆమె తీసుకొన్న కాలం 3 గంటల 55 నిమిషాల 5 సెకన్లు. ఈ రికార్డు 18 సంవత్సరాలపాటు నిలిచింది. స్త్రీ శరీరం ఇంతకు మించి శ్రమకు ఓర్చలేదని చెప్పే అభిప్రాయాలకు ఆమె ఏనాడూ వాదనతో బదులు చెప్పలేదు. గడియారమే ఆమె పక్షాన సమాధానం చెప్పింది.

బెరిల్ జీవితంలో 1967వ సంవత్సరం శిఖరప్రాయమైనది. ఆ సెప్టెంబరు మొదట్లో నెదర్లాండ్స్ దేశంలోని హీర్లెన్‌లో జరిగిన రహదారి పందెంలో ఆమె ప్రపంచ విజేత అయింది. అదే చోట పురుషుల వృత్తి క్రీడాకారుల పందెంలో గెలిచినవాడు బెల్జియం యువకుడు ఎడ్డీ మెర్క్స్. అతడు ఆ తరువాత సైకిలు క్రీడలో అందరికంటె గొప్పవాడనిపించుకొని అపారమైన కీర్తిని, సంపదను ఆర్జించాడు. బెరిల్ మాత్రం ఇంటికి వచ్చి మళ్లీ రూబార్బ్ పొలానికి వెళ్లింది. ఒకే ఊరిలో, ఒకే క్రీడలో, ఒకే స్థాయి విజయం పొందిన ఇద్దరి జీవితాల మధ్య ఇంతటి అంతరం ఉండడం ఆనాటి పరిస్థితికి అద్దం పడుతుంది.

అదే నెల 17వ తేదీన యార్క్‌షైర్‌లో ఓట్లీ సైకిలు సంఘం వారు పన్నెండు గంటల పోటీ నిర్వహించారు. పురుషులు ముందుగా, వారి తరువాత స్త్రీలు బయలుదేరారు. పురుషులలో మైక్ మెక్‌నమారా ఆ రోజు అద్భుతమైన వేగంతో సాగుతున్నాడు. జాతీయ రికార్డు అతనికి చేరువలో ఉంది. ఒక్కొక్క పురుషుణ్ణే దాటుకుంటూ బెరిల్ పోటీ చివరి భాగంలో అతని వెనుకకు చేరింది. దేశంలోకెల్లా మేటి అయిన ఒక క్రీడాకారుణ్ణి ఒక స్త్రీ దాటిపోవడం అంతకుముందు కనీవినీ ఎరుగని విషయం. ఆ క్షణంలో ఆమె విజయగర్వం ప్రదర్శించలేదు. అతని పక్కకు వచ్చి, జేబులోనుండి ఒక అతిమధురం మిఠాయి తీసి అందించింది. అతడు దాన్ని స్వీకరించి నోట వేసుకొన్నాడు. ఆమె ముందుకు సాగిపోయింది.

పన్నెండు గంటలు ముగిసేసరికి మెక్‌నమారా 276.52 మైళ్లు ప్రయాణించి పురుషుల జాతీయ రికార్డును నెలకొల్పాడు. బెరిల్ ప్రయాణించిన దూరం 277.25 మైళ్లు, అంటే దాదాపు 446 కిలోమీటర్లు. పన్నెండు గంటలపాటు గంటకు 37 కిలోమీటర్లకు మించిన సగటు వేగమది. పురుషుల రికార్డుకంటె స్త్రీల రికార్డు మిన్నగా ఉండడం క్రీడాచరిత్రలో అత్యంత అరుదైన ఘటన. ఆమె సాధించిన దూరాన్ని దాటడానికి ఇంగ్లండు పురుషులకు రెండు సంవత్సరాలు పట్టింది. స్త్రీలకు సరిగ్గా యాభై సంవత్సరాలు పట్టింది. 2017లో గాని మరొక మహిళ ఆ రికార్డును అధిగమించలేకపోయింది. ఈ యాభై ఏళ్లలో సైకిళ్లు తేలికయ్యాయి, గాలిని చీల్చుకుపోయే చక్రాలు, దుస్తులు వచ్చాయి, శిక్షణ శాస్త్రీయమైంది. వీటిలో ఏదీ లేకుండా బెరిల్ సాధించిన ఘనత ఎంతటిదో దీనినిబట్టి గ్రహించవచ్చు.

ఆమె ప్రతిభను లోకం బొత్తిగా గుర్తించలేదని చెప్పలేము. బ్రిటిష్ ప్రభుత్వం ఆమెను 1964లోను, 1968లోను రాజగౌరవాలతో సత్కరించింది. 1967లో బి.బి.సి. వారు ఆ ఏటి ఉత్తమ క్రీడాకారుని ఎన్నుకోవలసిందని ప్రేక్షకులను కోరగా, బెరిల్ రెండవ స్థానం పొందింది. 1968లో ఫ్రాన్సులో పురుషులకు మాత్రమే నిర్వహించే సుప్రసిద్ధమైన గ్రాఁ ప్రి దె నాసియోఁ పందెంలో, లెక్కలోకి రాని అతిథిగా ముందుగా బయలుదేరడానికి ఆమెను అనుమతించారు. ఆమె 73.5 కిలోమీటర్ల దూరాన్ని గంటకు 42 కిలోమీటర్లకు చేరువైన వేగంతో పూర్తిచేసింది. కాని ఒలింపిక్ క్రీడల తలుపులు మాత్రం ఆమెకు తెరుచుకోలేదు. 1896 నుండి పురుషులకు సైకిలు పందేలు ఉన్న ఆ క్రీడల్లో స్త్రీలకు తొలి పందెం 1984లో గాని ఏర్పాటు కాలేదు. అప్పటికి ఆమె వయస్సు 47 సంవత్సరాలు. ఆమెకు ఏడింట అయిదు ప్రపంచ విజయాలను అందించిన పర్‌స్యూట్ 1992లో ప్రవేశించింది. ఆమె ప్రాణసమానంగా ప్రేమించిన టైమ్ ట్రయల్ 1996 వేసవిలో ప్రవేశించింది. ఆమె అప్పటికి కొద్ది నెలల ముందే కన్నుమూసింది.

మహనీయుల జీవితాల్లో కూడ లోపాలు ఉంటాయి. వాటిని దాచడం చరిత్రకు న్యాయం కాదు. తల్లి వెంట పందేలు చూస్తూ పెరిగిన డెనిస్ కూడ మంచి క్రీడాకారిణి అయింది. 1972లో తల్లీకూతుళ్లిద్దరూ ప్రపంచ పోటీలకు ఒకే జట్టులో ఎంపికయ్యారు. 1976లో జాతీయ రహదారి పందెంలో ఇద్దరూ చివరి వరకు పోటీపడగా, డెనిస్ గెలిచింది. బెరిల్ రెండవ స్థానంలో నిలిచింది. గాలికి ఎదురొడ్డే శ్రమను కూతురు తనతో సమానంగా పంచుకోలేదని ఆమెకు ఆగ్రహం కలిగింది. విజేతల వేదిక మీద కూతురితో చేయి కలపడానికి నిరాకరించింది. పుత్రికాగాత్ర విజయాన్ని చూసి పొంగిపోవలసిన తల్లి హృదయాన్ని ఆ క్షణంలో పోటీదారు హృదయం కప్పివేసింది. తరువాత ఆమె ఆ ప్రవర్తనకు చింతించింది. కాలం ఆ గాయాన్ని మాన్పింది. 1982లో తల్లీకూతుళ్లు ఇద్దరు తొక్కే జంట సైకిలు మీద 10 మైళ్ల జాతీయ రికార్డును కలిసి నెలకొల్పారు. గెలవాలనే తపన మనిషిని ఎంత ఎత్తుకు తీసుకుపోతుందో, అదుపు తప్పితే ఆత్మీయులకు ఎంత దూరం చేస్తుందో ఈ సంఘటన తెలుపుతుంది.

ఆ తపనే ఆమెను విశ్రాంతికి కూడ దూరం చేసింది. వయస్సు నలభై దాటినా, యాభై దాటినా ఆమె పందేలు మానలేదు. గతవిజయాలను తలచుకొంటూ తీరికగా కూర్చోవడం ఆమె స్వభావంలో లేదు. పగలంతా పొలంపని, సాయంకాలం సాధన, వారాంతంలో పందెం, ఇంటికి వస్తే వంట, అల్లికపని. దశాబ్దాలపాటు ఆమె దినచర్య ఇదే. బాల్యంలో వ్యాధి మిగిల్చిన గుండె లయలోపం ఆమె శరీరంలో ఉండనే ఉంది. ఆ శరీరాన్ని క్రమం తప్పక పరీక్షించి, ఎప్పుడు శ్రమించాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే వ్యవస్థ ఏదీ ఆనాటి క్రీడాకారిణులకు లేదు.

ఈ విషయంలో తరువాతి కాలం కొంత పురోగమించింది. సాధన ఎంత అవసరమో విశ్రాంతి అంతే అవసరమని, విశ్రాంతి సమయంలోనే కండరాలు బలం పుంజుకొంటాయని క్రీడావైద్యులు చెబుతున్నారు. వెచ్చించే శక్తికి తగిన ఆహారం తీసుకోని క్రీడాకారిణులకు ఋతుక్రమం తప్పుతుందని, ఎముకలు పెళుసుబారుతాయని, గుండె, మనస్సు కూడ దెబ్బతింటాయని గుర్తించారు. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 2014లో ఈ స్థితికి ఒక ప్రత్యేకమైన పేరు పెట్టి, దాని లక్షణాలను వివరించింది. బరువు తగ్గితే వేగం పెరుగుతుందనే నమ్మకం బలంగా ఉన్న సైకిలు క్రీడలో ఈ హెచ్చరికకు ఎంతో ప్రాధాన్యం ఉంది. 2020 నుండి ప్రపంచ సైకిలు సమాఖ్య అగ్రశ్రేణి మహిళా జట్లలోని క్రీడాకారిణులకు కనీస వేతనాన్ని, ప్రసూతి సెలవును తప్పనిసరి చేసింది. బెరిల్ మిఠాయి అందించిన ఆ పందేనికి పేరునిచ్చిన ఓట్లీ పట్టణంలోనే పుట్టిన లిజీ డేగ్నన్, 2018లో తల్లి అయిన తరువాత మళ్లీ పోటీల్లోకి వచ్చి, 2021లో పారిస్-రూబే పందెం స్త్రీల విభాగంలో తొలి విజేతగా నిలిచింది. బర్టన్ దంపతులు పక్కబండిలో పాపను కూర్చోబెట్టుకొని ఒంటరిగా సాగించిన ప్రయాణం కొత్త తరానికి హక్కుగా లభించింది.

1996 మే 5వ తేదీన, తన 59వ జన్మదినానికి వారం రోజుల ముందు, బెరిల్ సైకిలు మీద ఇంటినుండి బయలుదేరింది. ఆ రోజు పందెం లేదు. పుట్టినరోజు విందుకు మిత్రులను ఆహ్వానించే పత్రాలు పంచడానికి ఆమె వెళ్లింది. దారిలోనే గుండె ఆగి, సైకిలు మీదనుండి ఒరిగిపోయింది. పదకొండేళ్ల ప్రాయంలో వైద్యులు భయపడిన గుండె, అప్పటినుండి దాదాపు యాభై సంవత్సరాలు ఆమె సంకల్పానికి తోడుగా కొట్టుకొని అక్కడ విశ్రమించింది.

ఆమె నివసించిన ప్రాంతంలో హారోగేట్, నేర్స్‌బరో పట్టణాలను కలిపే సైకిలు బాటకు ఆమె పేరు పెట్టారు. మోర్లీలో ఆమె స్మృతిగా ఒక ఉద్యానం వెలసింది. 2014లో ఆమె జీవితం ఆధారంగా రూపొందిన నాటకాన్ని లీడ్స్‌లో ప్రదర్శించినపుడు, తమ నగరంలో ఇటువంటి స్త్రీ జీవించిందని ఎందరో మొదటిసారిగా తెలుసుకొన్నారు.

శరీరరక్షణను ధర్మసాధనలో తొలిమెట్టుగా భావించడం మన సంప్రదాయం. తలపెట్టిన కార్యాన్ని ఎన్ని విఘ్నాలు కలిగినా విడువనివారిని ధీరులుగా కీర్తించడం కూడ మన సంప్రదాయమే. బెరిల్ బర్టన్ జీవితంలో రెండవ ధర్మం సంపూర్ణంగా వెలిగింది. మొదటి ధర్మాన్ని ఆమె పక్షాన నెరవేర్చవలసిన సమాజం ఆ పని చేయలేదు. క్రీడాప్రాంగణంలో అడుగుపెట్టే ప్రతి బాలికకు ఆమె పట్టుదల ఆదర్శం కావాలి. ఆ బాలికకు తగిన ఆహారం, వైద్యం, విశ్రాంతి, గౌరవం సమకూర్చడం పెద్దల బాధ్యత కావాలి. ఈ రెండూ కలిసిననాడే బెరిల్ వంటివారి శ్రమకు సరైన నివాళి అర్పించినట్లవుతుంది.

ప్రశ్నలు

వ్యాసరూప ప్రశ్నలు
1. బెరిల్ బర్టన్ బాల్యంలో ఎదుర్కొన్న కష్టాలను, వాటిని అధిగమించిన తీరును వివరించండి.
2. క్రీడాకారిణుల ఆరోగ్యం విషయంలో సమాజానికి ఉండవలసిన బాధ్యతను పాఠం ఆధారంగా చర్చించండి.

సంగ్రహరూప ప్రశ్నలు
1. టైమ్ ట్రయల్ పోటీ జరిగే పద్ధతి ఎట్టిది?
2. 1967లో జరిగిన పన్నెండు గంటల పోటీ విశేషాలను తెలపండి.
3. బెరిల్ విజయాల్లో చార్లీ పాత్ర ఎట్టిది?
4. తల్లీకూతుళ్ల మధ్య 1976లో జరిగిన సంఘటన ఏమి తెలుపుతుంది?